పన్నెండు మంచాలు

28 ఏప్రిల్ 2025, సోమవారం

మధ్యాహ్నం రెండింటికి మంగళగిరి నుంచి కేసు వచ్చింది. పేరు చౌడయ్య, నలభై ఆరేళ్లు, చేనేత నూలుకు రంగులు వేసే పని. మరుగుతున్న రంగునీళ్ల గంగాళం ఒరిగి మీద పడిందట. రెండు చేతులు, ఛాతీ, కుడి తొడ. ఒళ్లంతా కుంకుమ రంగు. ఎక్కడిదాకా కాలిందో, ఎక్కడి నుంచి ఉత్త రంగో తెలియలేదు. తోటి నర్సు రేణుక, నేను గంటన్నర సేపు సెలైన్‌తో కడిగితే అసలు గాయం బయటపడింది. ముప్ఫై అయిదు శాతం.

ఆయన భార్య సుబ్బరత్నం తలుపు దగ్గర నిలబడి, "సిస్టరమ్మా, అది వదలదండి, పక్కా రంగు" అని పదే పదే చెబుతోంది. భయపడిన మనిషి ఏదో ఒకటి మాట్లాడాలి కదా.

ఈ డైరీ జనవరిలో మందుల కంపెనీ వాళ్లు ఇచ్చారు. ఇన్నాళ్లూ ఖాళీగానే ఉంది. కాలినవాళ్ల వార్డులో పంతొమ్మిదేళ్లుగా చేస్తున్నాను. వార్డు సంగతులు ఇంట్లో చెప్పకూడదని నాకు నేనే పెట్టుకున్న నియమం. రాసుకుంటే చెప్పినట్టు కాదు.

29 ఏప్రిల్

నిన్నటి నుంచి ఇవాళ మధ్యాహ్నం దాకా చౌడయ్యగారికి ఎనిమిది లీటర్ల పైన సెలైన్ ఎక్కింది. గంట గంటకూ మూత్రం కొలవాలి. ఒక నర్సు ఆయన మంచం వదలకూడదు. మిగతా ఎనిమిది మందికీ కలిపి ఇంకొకరం.

మా అమ్మాయి మహెక్ ఫోన్ చేసింది. పంజాబు ఎండలు బెజవాడ ఎండల ముందు దిగదుడుపేనంది. పదిహేను నుంచి పరీక్షలట. వ్యవసాయం చదవడానికి అంత దూరం దేనికే అని చేరేటప్పుడు అడిగితే, "వరి పుట్టినప్పటి నుంచి చూస్తున్నాను, గోధుమ కూడా చూడాలిగా అమ్మా" అంది. మూడేళ్లయింది.

2 మే, శుక్రవారం

సూపరింటెండెంట్ వెంకటసుబ్బారావుగారు పిలిచి ఒక ఫారం చేతిలో పెట్టారు. విపత్తు వస్తే ఏ ఆసుపత్రి ఎంతమందిని చూడగలదో జిల్లా అంతా లెక్క తీస్తున్నారట. మా శౌరయ్య మెమోరియల్ లాంటి ట్రస్టు ఆసుపత్రులు కూడా ఇవ్వాలట. ఒక్కో ప్రమాదానికి ఒక్కో వరస. అగ్నిప్రమాదం, గ్యాస్ పేలుడు, బస్సు మంటలు, రసాయనాలు. ఆఖరి వరస అణుదాడి. ఎదురుగా, ఒకేసారి చికిత్స చేయగల కాలిన రోగుల సంఖ్య.

పై వరసలు పది నిమిషాల్లో నింపాను. మాకున్నవి పన్నెండు మంచాలు. ఆఖరి దాని దగ్గర కలం ఆగింది.

"ఇక్కడేం రాయాలి సార్?"

"ఏదో ఒకటి రాయండమ్మా. సాయంత్రం లోపు స్కాన్ చేసి పంపాలి."

"అదే పడితే వేలల్లో వస్తారు కదండీ."

"వేలు రాయమని ఎవరన్నారు? మనం ఎంతమందిని చూడగలమో అది రాయండి."

నలభై రాశాను. వరండాలో మడత మంచాలు వేస్తే ఇరవై ఎనిమిది పడతాయి. పన్నెండూ ఇరవై ఎనిమిదీ నలభై. లెక్క సరిగ్గానే ఉంది.

3 మే

కాగితమే కదా.

5 మే, సోమవారం

చౌడయ్యగారికి రెండోసారి పెద్ద డ్రెస్సింగ్. ఇద్దరం నర్సులం, ఒక డాక్టరు, గంటా నలభై నిమిషాలు. మత్తు ఇచ్చినా పూర్తిగా తెలియకుండా పోదు. పళ్లు బిగించుకుని ఫ్యాన్ వంక చూస్తూ పడుకున్నాడు. అయ్యాక ఫోన్ పెట్టమని భార్యనడిగాడు. వార్తల్లో అరుపులు. సరిహద్దులో యుద్ధం వస్తుందని ఒకడు, రావాలని ఇంకొకడు.

"ఒక్కటి వేస్తే పీడా పోద్ది. మన దగ్గరా ఉన్నాయంటగా అణుబాంబులు" అన్నాడు చౌడయ్యగారు. గొంతు నీరసంగా ఉంది. మాట మాత్రం గట్టిగానే ఉంది.

సుబ్బరత్నం ఫోన్ లాక్కుని ఆపేసింది. "గంగాళం నీళ్లు మీద పడితేనే ఎనిమిది రోజుల నుంచి ఇట్టా ఉన్నావు. ఇంకోళ్ల ఒళ్లు కాలాలని ఏ నోటితో అంటున్నావయ్యా?"

చౌడయ్యగారు కళ్లు మూసుకున్నాడు. నేను చార్టు రాసుకుంటున్నట్టు నటించాను.

7 మే, బుధవారం

పొద్దున్నే యుద్ధం మొదలైపోయిందట. టీ పెడుతుంటే మా ఆయన టీవీ ముందు నిలబడి పిలిచారు. మహెక్‌కి చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను. ఎనిమిదోసారికి ఎత్తింది. నిద్రలో ఉందట. తిట్టాను.

డ్యూటీకి వెళ్లాను. వరండాలో రోగుల తాలూకు వాళ్లు టీవీ చుట్టూ ఉన్నారు. నేను రాగానే ఒకాయన సౌండు తగ్గించాడు. ఎందుకు తగ్గించావని అడగలేదు. నర్సు వస్తే తగ్గించడం మర్యాదే కదా.

8 మే

సాయంత్రం ఏడు నుంచి మహెక్ ఉండే ఊళ్లో లైట్లు తీయించేస్తున్నారు. కిటికీలకు దుప్పట్లు కట్టుకున్నారట. మహెక్ గుసగుసగా మాట్లాడుతోంది, మాట బయటికి వినిపిస్తే ప్రమాదమన్నట్టు.

"సైరన్ మోగిందమ్మా. ఆకాశంలో ఏవో ఎర్రగా కదిలాయి. అమ్మాయిలు ఏడుస్తున్నారు."

"నువ్వు?"

"నేను ఏడవట్లేదు." కాసేపటికి అంది, "వార్డెన్ మేడమ్ ధైర్యం చెప్పారు. పక్కనే పెద్ద ఆసుపత్రుంది, రెండొందల మంది కాలినవాళ్లను చూసేంత ఏర్పాట్లున్నాయంట."

"ఎటువంటి బాంబు పడినానా?"

"అన్నిటికీ ప్లాన్ ఉందంట. అణుబాంబుకి కూడా. కాగితం చూపించారు."

ప్రాణం లేచివచ్చింది. ఆయనకి చెప్పాను, రెండొందల మందికి ఏర్పాట్లున్నాయట అని. మా ఆయన మదార్ సాహెబ్ వన్‌టౌన్‌లో టైలరు. అంత తేలిగ్గా దేన్నీ నమ్మే మనిషి కాదు. ఆయన కూడా, "పోన్లే, పెద్ద ఊరు, ఆమాత్రం ఉంటాయి" అన్నారు. ఇద్దరం అన్నం తిన్నాం.

9 మే, శుక్రవారం

చౌడయ్యగారి ఎడమ చేతి కట్టు విప్పుతున్నాను. గాజుగుడ్డ గాయానికి అంటుకుపోతే సెలైన్ పోస్తూ, దారం దారంగా లాగాలి. తొందర పడితే కొత్తగా పుట్టిన చర్మం కూడా వచ్చేస్తుంది. ఒక్క చేతికి ఇరవై అయిదు నిమిషాలు పట్టింది.

అప్పుడు తట్టింది. ఆ రెండొందలు ఎవరు రాశారు?

నాలాంటిదే ఎవరో రాసి ఉంటుంది. సాయంత్రం లోపు పంపాలని వాళ్ల సూపరింటెండెంట్ అని ఉంటాడు. వాళ్ల వరండా మా వరండా కన్నా పెద్దదేమో. మంచాలు లెక్కపెట్టి రాసి ఉంటుంది. ఆ అంకె వార్డెన్ చేతిలోకి వెళ్లింది, అక్కడి నుంచి నా కూతురి నోట్లోకి, అక్కడి నుంచి నా చెవిలోకి. నేను అన్నం తిన్నాను.

నా నలభైని నమ్ముకుని ఎవరు అన్నం తింటున్నారో.

"మేడమ్, చెయ్యి ఆగిపోయింది" అంది రేణుక.

సాయంత్రం మహెక్ బస్సెక్కింది. యూనివర్సిటీ వాళ్లు పరీక్షలు వాయిదా వేసి వెళ్లిపొమ్మన్నారట. ఢిల్లీ దాకా బస్సు. అక్కడి నుంచి రైలు.

10 మే, శనివారం

మధ్యాహ్నం సెలవు పెట్టాను. ఫోన్‌లో చదువుతూ కూర్చున్నాను. చదవకుండా ఉండాల్సింది.

ఎనభై ఏళ్ల కిందట మొదటి బాంబు పడిన ఆ జపాను ఊళ్లో, నర్సులు పదిమందిలో తొమ్మిదిమంది ఆ ఒక్క పొద్దున చనిపోవడమో, లేవలేనంతగా గాయపడడమో జరిగిందట. ఇన్నేళ్లు చేసినా నాకు ఈ ఆలోచన రాలేదు. మంచాలు లెక్కపెట్టాను, మడత మంచాలు లెక్కపెట్టాను. ఆ మంచాల మధ్య నన్నూ రేణుకనూ తెల్లబట్టల్లో నిలబెట్టాను. మేం మంచం మీద ఉంటామని తోచలేదు.

సాయంత్రం కాల్పులు ఆపేశారని చెప్పారు. వీధిలో టపాకాయలు పేల్చారు. మహెక్ రైల్లో ఉంది.

"చూశావా, ఏమీ కాలేదు. పంజాబెక్కడ, బెజవాడెక్కడ! మన దాకా వచ్చేదా చచ్చేదా" అన్నారు ఆయన. రెండు రోజులుగా ఆయన ఒక్క జాకెట్టూ కుట్టలేదు. ఆ మాట నేనూ ఎత్తలేదు.

12 మే, సోమవారం

రైలు నాలుగు గంటలు లేటు. మహెక్ దిగింది. చిక్కిపోయింది. స్టేషన్లో నన్ను పట్టుకుని ఏడ్చింది. ఫోన్‌లో ఏడవట్లేదంది.

13 మే

ఫారం వెనక్కి అడిగాను. ఇంకా పైకి పోలేదు. అన్ని వార్డులవీ వచ్చాక ఒకేసారి పంపుదామని ఆఫీసులోనే పెట్టారట. నలభై కొట్టేసి 0 వేసి, పక్కన సంతకం చేశాను.

సూపరింటెండెంట్‌గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. మంచాయన. నాలుగు నెలల్లో రిటైరవుతారు.

"గొడవ అయిపోయిందిగా జహీదా. ఇప్పుడెందుకిది?"

"అప్పుడు కంగారులో ఉన్నానండి. ఇప్పుడు బుర్ర పని చేస్తోంది."

"సున్నా ఏంటమ్మా? చేతకాదని రాసిచ్చినట్టుంది."

"చేతకాదనే రాశాను సార్. చౌడయ్యగారికి పదిహేను రోజులైంది. ఇద్దరం నర్సులం ఆయన్నే పట్టుకుని ఉన్నాం. ఆరు సీసాల రక్తం ఎక్కింది. ఇంకా రెండు ఆపరేషన్లున్నాయి. కరెంటు ఉంది, నీళ్లు ఉన్నాయి, మందుల షాపు తెరిచి ఉంది, మనం అందరం బతికున్నాం. అన్నీ ఉంటే ఒక్క మనిషికి ఇంత. ఆ రోజు వీటిలో ఏదుంటుంది చెప్పండి?"

"ఆ కాగితం ఎవరూ చదవరమ్మా."

"చదవరండి. నమ్ముతారు."

ఆయన తలుపు వైపు చూశారు. తర్వాత గొంతు తగ్గించి, "మీరు కాబట్టి చెప్తున్నా. ఈ టైములో మీ పేరు మీద సున్నా వెళ్తే వేరే రకంగా అనుకుంటారు" అన్నారు.

"కాలినవాళ్లు పంతొమ్మిదేళ్లుగా ఆ పేరు మీదే నయమై ఇళ్లకు వెళ్తున్నారు సార్."

గబుక్కున అనేశాను. ఆయన ముఖం ఎర్రబడింది. ఫారం తీసుకుని సొరుగులో పెట్టారు. పంపుతాలెండి అన్నారు.

16 మే

ఇవాళ భోజనాల దగ్గర మహెక్ తండ్రితో వాదన పెట్టుకుంది. పంజాబులో పడితే పంజాబుకే నష్టం అన్నారు ఆయన మళ్లీ.

"నాన్నా, ఊళ్లు కాలిన పొగంతా పైకి వెళ్లి కూర్చుంటుంది. వానకి కూడా కడుక్కుపోదు. ఏళ్ల తరబడి ఎండ తగ్గిపోతుంది. వరికి పొట్ట దశలో చలి తగిలితే గింజ పట్టదు, తాలు పోతుంది. బాంబు పడని చోట కూడా పంట ఉండదు. ఉయ్యూరు చెరుకూ ఉండదు, దివిసీమ వరీ ఉండదు. మన ఒక్క డెల్టా కాదు, ప్రపంచమంతా. బాంబుతో చచ్చేవాళ్లకన్నా ఆకలితో చచ్చేవాళ్లు ఎన్నో రెట్లు ఎక్కువని మా సార్ లెక్కలేసి చూపించారు."

"మరి మనుషులు?"

"అదే చెప్తున్నా నాన్నా."

ఆయన కంచంలో మెతుకులు దగ్గరికి చేర్చుకుంటూ కూర్చున్నారు.

19 మే

నలభై నాలుగు డిగ్రీలు. ఏసీ ఆగింది. చౌడయ్యగారికి జ్వరం 103. చీము. యాంటీబయాటిక్ మార్చారు.

20 మే

103.

21 మే

104. సుబ్బరత్నం ఏమీ అడగడం లేదు. అడగకపోతే నాకు భయం. రోజుకి ఆరు గుడ్లు పెట్టమన్నాం కదా, ఆయన మింగడం లేదని పచ్చసొన చిదిమి పాలల్లో కలిపి చెంచాతో పోస్తోంది. ఒక్కో గుడ్డుకి అరగంట.

నేను మళ్లీ ఆ చెంచాలు లెక్కపెడుతున్నాను. ఇంక ఏది చూసినా ఆ అణుదాడి వరసతోనే పోల్చుకుంటున్నాను. ఇది మంచిది కాదు.

24 మే, శనివారం

జ్వరం దిగింది. రేణుక థర్మామీటరు నా ముందు పెట్టి నవ్వింది. ఇద్దరం స్టోర్‌రూములోకి వెళ్లి తలుపు వేసుకుని ఏడ్చాం.

2 జూన్

కాళ్ల నుంచి చర్మం తీసి చేతులకు అతికారు. రెండో ఆపరేషన్. అతుక్కుంది.

8 జూన్, ఆదివారం

నిన్న బక్రీదు. ఇవాళ డ్యూటీలో చౌడయ్యగారు గ్లాసు తనంతట తను పట్టుకుని మంచినీళ్లు తాగాడు. సగం గుండెల మీద ఒలికింది. సుబ్బరత్నం తుడవబోతే వద్దన్నాడు. ఆ గ్లాసు దాకా రావడానికి నలభై రెండు రోజులు. పది మంది మనుషులం.

"సిస్టరమ్మా, నూలు ముంచగలనంటారా మళ్లీ?"

"ఈ ఏడాదికి మాత్రం వేడినీళ్ల దగ్గరికి వెళ్లకండి."

"రంగు చూసి చెప్పగలనుగా. చెయ్యి పెట్టక్కర్లా. పక్కన నిలబడితే చాలు." ఆగి, "ఆ రోజు నేనన్న మాట మీరు విన్నారు కదూ" అన్నాడు.

విన్నానన్నాను.

"మా ఆవిడ ఇప్పటికీ సాధిస్తోందండి" అన్నాడు. నవ్వబోయాడు, నవ్వు రాలేదు.

16 జూన్, సోమవారం

చౌడయ్యగారిని పంపించేశాం. మెట్ల దాకా నడిచాడు. వారానికి రెండుసార్లు డ్రెస్సింగుకి రావాలి. ఆయన ఉన్న పదో నంబరు మంచం గంట కూడా ఖాళీగా లేదు. ఎనికేపాడులో వంటగ్యాస్ మంటల్లో కాలిన ముసలావిడ.

20 జూన్

జిల్లా ప్లాన్ పుస్తకం అచ్చయి వచ్చింది. ఆఫీసులో బల్ల మీద ఉంటే తిప్పాను. మా ఆసుపత్రి పేజీ. అణుదాడి. అరవై.

అరవై.

ఫైలు తీయించి చూశాను. నా 0 నాదే. నా సంతకం నాదే. దాని ముందు వేరే సిరాతో 6.

21 జూన్

ఆయనకి చెప్పాను, ఇన్నేళ్లలో మొదటిసారి వార్డు సంగతి ఇంట్లో. కుట్టు మిషన్ ఆపి విన్నారు. "వదిలెయ్యి జహీదా, పెద్దవాళ్లతో మనకెందుకు" అంటారనుకున్నాను. "అంకెల్లో ఎందుకు రాశావు? చెక్కు మీద కూడా అక్షరాల్లో రాస్తారు కదా" అన్నారు.

23 జూన్, సోమవారం

సూపరింటెండెంట్‌గారి గదికి వెళ్లాను. ఎవరు వేశారని అడగలేదు. పుస్తకం తెరిచి ముందు పెట్టాను. ఆయనే అన్నారు.

"నేనే వేశాను."

నేను నిలబడే ఉన్నాను.

"ముప్ఫై నాలుగేళ్ల సర్వీసమ్మా. ఎవరికీ కుదరదని రాసివ్వలేదు. సున్నా చూస్తుంటే చెయ్యి ఆడలేదు. మళ్లీ నలభై వేద్దామనుకున్నాను. అవతల ఇంకో ఆసుపత్రి వాళ్లు యాభై ఇచ్చారని తెలిసింది." ఆగారు. "ఆరు వేశాను."

కోపం తెచ్చుకుందామని ఇంటి దగ్గర నుంచి అనుకుంటూ వచ్చాను. రాలేదు. ఆయన వేసిన ఆరుకూ నేను వేసిన నలభైకీ తేడా ఏముంది? నేను మడత మంచాలు లెక్కపెట్టాను, ఆయన అదీ పెట్టలేదు. అంతే.

"మా అమ్మాయి పంజాబులో ఇలాంటి అంకె ఒకటి విని ఆ పూట ధైర్యంగా పడుకుంది సార్. నేనూ పడుకున్నాను. ఏర్పాట్లున్నాయని అందరం పడుకుంటే, అసలు అది రాకూడదని అడిగేవాళ్లు ఎవరు?"

కొత్త ఫారం తీసుకుని అక్కడే కూర్చుని రాశాను. అణుదాడి వరసలో, "అక్షరాలా సున్నా మాత్రమే." కింద ఒక వాక్యం: "ఆ రోజు ఈ వార్డు నర్సులూ డాక్టర్లూ కూడా రోగులే." పూర్తి పేరు, హోదా, తేదీ.

ఆయన రెండుసార్లు చదివారు. కలం మూత తీశారు, పెట్టారు, మళ్లీ తీశారు.

"మరి నిజంగానే ఆ రోజు వస్తే ఏం చేస్తారమ్మా?"

"డ్యూటీకి వస్తాను సార్."

తల ఊపి సంతకం చేశారు. పుస్తకంలో తప్పు పడిందని, సవరించాలని కవరింగ్ లెటర్ తనే రాస్తానన్నారు. తప్పు ఎవరిదని రాస్తారో అడగలేదు.

ఆటోలో వస్తూ ఆలోచించాను. వించిపేటలో మా ఇంటికీ ఆసుపత్రికీ మధ్య మూడు కిలోమీటర్లు. అటువంటిది ఊరి మీద పడితే మా ఇల్లూ, వార్డూ, మా ఆయన మిషనూ, సూపరింటెండెంట్‌గారి గదీ ఒకటే మంట. డ్యూటీకి వస్తానన్నది అబద్ధం. ఆయనకీ తెలుసు. ఫారం మీద నిజం రాసి, ఆ వెంటనే ఆయన ముఖం చూసి అబద్ధం చెప్పాను. మనిషి ముఖం చూస్తూ సున్నా అనడానికి నాకూ నోరు రాలేదు.

రేపు మార్నింగ్ డ్యూటీ. చౌడయ్యగారు డ్రెస్సింగుకి వస్తాడు. వార్డులో పదకొండు మంది ఉన్నారు. వాళ్లకి మేం సరిపోతాం.